కంప్యూటర్ హ్యాంగ్ అయిందా..? పవర్ బటన్ నొక్కే ముందు ఇది చూడండి!

పనిలో ఉండగా కంప్యూటర్ ఒక్కసారిగా మొరాయిస్తే చాలామంది చేసే మొదటి పని.. పవర్ బటన్ నొక్కిపట్టడం. అలా చేస్తే తెరిచి ఉన్న ఫైళ్లలో సేవ్ చేయనివన్నీ పోయినట్టే. విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్‌తో ఆ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చిన ఈ టూల్.. ఏ ప్రోగ్రామ్ ఎంత ప్రాసెసర్, ఎంత మెమరీ వాడుతోందో చూపిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. ‘మెమరీ’ అనే హెడ్డింగ్‌పై క్లిక్ చేస్తే ఎక్కువ వాడుతున్నవి పైకి వస్తాయి. ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉన్నదాన్ని ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ కొడితే అదొక్కటే ఆగుతుంది. మిగతావి అలాగే ఉంటాయి. అయితే ఆపేసిన ప్రోగ్రామ్‌లో సేవ్ చేయని పని మాత్రం పోతుంది. అందుకే ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడటం మంచిది.

కంప్యూటర్ ఆన్ అవ్వడానికే చాలా టైమ్ పడుతోందా? ‘స్టార్టప్’ విభాగంలో అక్కర్లేనివి ‘డిసేబుల్’ చేస్తే సరి. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

పేరు తెలియని ప్రాసెస్ కనిపించిందని కంగారుపడి ఆపేయకండి. అది విండోస్‌కు కీలకమైనదైతే సిస్టమ్ మొత్తం ఆగిపోవచ్చు. రైట్ క్లిక్ చేసి ‘సెర్చ్ ఆన్‌లైన్’తో అదేంటో తెలుసుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి.