అత్వెల్లి పాత ఇంటికి వేడినీళ్ల లెక్క

పాత ఇల్లు బేరమాడేవాళ్లు నన్ను పిలవగానే అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ కంపెనీ గీజరు తీసుకోమంటవ్?" మీటరు బోర్డు ఎక్కడుందని నేను ఎదురు అడుగుతాను. వైరింగ్ పనివాడి బుద్ధి అది.

అత్వెల్లి మేడ్చల్ దాటగానే నాగ్‌పూర్ హైవే మీద వస్తుంది. గదులు వెచ్చబెట్టుకునేంత చలి మనకు లేదు. హైదరాబాదు రికార్డే 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. మన తిప్పలన్నీ స్నానం నీళ్లకే. వెనకట పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టేవాళ్లు. ఇప్పుడు కట్టెలూ లేవు, ఓపికా లేదు.

2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లదైతే 13. పాత ఇళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది లైట్లకు వేసిన సన్న తీగ, చిన్న సాకెట్టు. దానికి గీజరు తగిలిస్తే ప్లగ్గు నల్లబడుతుంది, ఆ తర్వాత తీగ కాలుతుంది. బోర్డు నుంచి విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాలి. ఎర్తింగ్ లేని ఇంట్లో గీజరు బిగించమంటే నేను బిగించను. బకెట్లో వేసే రాడ్డు మాట నా దగ్గర ఎత్తొద్దు.

తర్వాత నీళ్లు. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువుంటే కాయిల్ మీద తెల్లటి పొర కడుతుంది. గీజరు కరెంటు ఎక్కువ తాగుతుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. నల్లా నీళ్లుంటే గీజరుకు అవే కలపండి.

నలుగురికి 80 లీటర్ల నీళ్లు 20 నుంచి 45 డిగ్రీలకు కాచడానికి రోజుకు సుమారు రెండున్నర యూనిట్లు పడుతుంది. సోలార్ వాటర్ హీటరుతో ఇది చాలావరకు మిగులుతుంది. మన చలికాలంలో మబ్బులు తక్కువ కాబట్టి అవసరమున్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. అయితే 200 లీటర్ల ట్యాంకులో నీళ్ల బరువే 200 కిలోలు. గర్డర్ల మీద షాబాదు బండలు పరిచిన కప్పయితే స్టాండు కాళ్లు గోడల మీదే నిలవాలి, బండ మధ్యలో కాదు. గూనపెంకుల ఇల్లయితే సోలార్ ఆశ వదులుకోవాల్సిందే. చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో అది లేదు. స్నానాల గది పెరట్లో దూరంగా ఉంటే, వేడినీళ్లు వచ్చేలోపు బకెట్ చన్నీళ్లు పారతాయి. అలాంటి ఇంటికి ఆ గదిలోనే 15 లీటర్ల గీజరు చాలు.

గ్యాస్ గీజరు తొందరగా కాస్తుంది, నిజమే. కిటికీ లేని గదిలో పెడితే వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని అక్కడే పడేస్తుంది. గది బయట, గాలాడే చోట బిగిస్తానంటేనే కొనండి.

తుప్పుపట్టిన పాత జీఐ పైపులకు మామూలు పీవీసీ అతికిస్తామంటే ఒప్పుకోవద్దు, వేడికి వంగిపోతుంది, సీపీవీసీ అడగండి. ఈ పైపులు, తీగలు, ఎర్తింగ్ ఖర్చు ఒక్కోసారి గీజరు ధరను మించుతుంది. బయానా ఇవ్వకముందే ఆ లెక్క రాయించి అమ్మేవాళ్ల ముందు పెట్టండి.