మన మక్కలతో మెక్సికో వంటలు

మెక్సికో వంటలనగానే ‘అమ్మో! అవన్నీ పెద్ద హోటళ్ల వ్యవహారం’ అనుకుంటున్నారా? అక్కడి ఇల్లాలి వంటింట్లోకి తొంగిచూస్తే పొయ్యి మీద పెనం, పక్కన రాతి రోలు, బుట్టలో మక్కలు, మిరపకాయలు, టమాటాలు కనిపిస్తాయి. మెదక్‌లో మీ ఇంట్లో లేనిదేముంది చెప్పండి! మక్కలు, మిరప, టమాటా అమెరికా ఖండాల నుంచే మనకు వచ్చాయి. టమాటా అన్న పేరు కూడా మెక్సికోలోని నహువాతల్ భాషా పదం ‘తొమాతల్’ నుంచి పుట్టిందే. మెక్సికో సంప్రదాయ వంటలకు 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు కూడా దక్కింది.

సున్నంలో ఉంది కిటుకు

మన దగ్గర మక్క గటక, మక్క గారెలు, కాల్చిన కంకులు ఉండనే ఉన్నాయి. అయినా పండిన మక్కల్లో ఎక్కువ భాగం కోళ్ల దాణాకీ, ఫ్యాక్టరీలకీ పోతోంది. మెక్సికో ఆడవాళ్లు మాత్రం వేల ఏళ్లుగా మక్కల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి, రొట్టెలు చేసుకుంటున్నారు. దీనివల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగి వస్తుంది, కాల్షియం చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మక్కల్లోని బి3 విటమిన్ (నియాసిన్) ఒంటికి పడుతుంది.

ఈ కిటుకు తెలియక, మక్కలే ప్రధానంగా తిన్న ఇటలీ పేదలు ‘పెల్లగ్రా’ జబ్బుతో నానా బాధలూ పడ్డారు. చర్మం పగలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. మన దక్కనులో జొన్నల మీదే బతికిన పేదల్లోనూ ఇది కనిపించిందని హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు 1960లలో పరిశోధించి చెప్పారు. వంటింటి చిట్కాని తేలిగ్గా తీసుకోకూడదనేది ఇందుకే!

తొర్తియా (మక్క రొట్టె)

కావలసినవి: ఎండు మక్కలు అరకిలో, తాంబూలంలో వాడే తెల్ల సున్నం ఒక చిన్న చెంచా, నీళ్లు ఒకటిన్నర లీటరు.

తయారుచేసే విధానం: స్టీలు గిన్నెలో నీళ్లు పోసి సున్నం కలిపి, మక్కలు వేసి సన్నటి మంట మీద అరగంట ఉడికించండి. దించి రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే నాలుగైదు నీళ్లతో చేతులతో రుద్ది కడిగితే పొట్టు పోతుంది. నీళ్లు వీలైనంత తక్కువ పోసి గ్రైండర్లో మెత్తగా గట్టిగా రుబ్బండి. పలచనైతే కాస్త మక్క పిండి కలపండి. నిమ్మకాయంత ఉండల్ని రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఉంచి పల్చగా వత్తి, వేడి పెనం మీద రెండువైపులా కాల్చి, బట్టలో చుట్టి ఉంచండి.

జాగ్రత్త: గోడలకు వేసే సున్నం వాడొద్దు. అల్యూమినియం గిన్నె పనికిరాదు. సున్నాన్ని చెంచాతోనే కలపండి.

సల్సా (కాల్చిన టమాటా పచ్చడి)

నాలుగు టమాటాలు, నాలుగు పచ్చిమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర కలపండి. పోపు అక్కర్లేదు.

ఫ్రిహోలెస్ (చిక్కుడు గింజల కూర)

రాత్రి నానబెట్టిన గ్లాసు రాజ్మాని ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు, ఉల్లిపాయ ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలతో కుక్కర్లో మెత్తగా ఉడికించండి. ఉప్పు చివర్లో వేయండి. మిగిలింది మర్నాడు నూనెలో వేయించి మెదిపితే సరికొత్త కూర!

అతోలె (మక్క జావ)

రుబ్బిన పిండి రెండు గరిటెలు, అర లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తిప్పుతూ ఉడికించండి. చిక్కబడ్డాక బెల్లం, దాల్చినచెక్క వేసి దించండి. ఇష్టమైతే పాలు పోయండి. మన అంబలికి తోబుట్టువే!

రొట్టెలో మాంసకృత్తుల కొరతను గింజల కూర తీరుస్తుంది. మెక్సికో పేదింటి భోజనమంటే ఈ జోడీనే. వచ్చే ఆదివారం పొద్దున్నే రొట్టెలు కాల్చాలంటే శనివారం రాత్రి మక్కలు సున్నపు నీళ్లలో పడాలి. మరిచిపోకండేం!