ఈస్టు కణంలో మాచిపత్రి గుణం: బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసినవారు, వారి పదేళ్ల శ్రమ

మలేరియా చికిత్సకు నేడు ప్రపంచమంతటా వాడుతున్న ఆర్టెమిసినిన్ ఒక మొక్క ఆకుల నుంచి లభిస్తుంది. ఆ మొక్క శాస్త్రీయ నామం ఆర్టెమిసియా యాన్యువా. వినాయక చవితినాటి పత్రిలో మనం చూసే మాచిపత్రి కూడా ఇదే ప్రజాతికి చెందినది. చైనా సంప్రదాయ వైద్యంలో జ్వరానికి వాడుతూ వచ్చిన ఈ మొక్క నుంచి తూ యూయూ, ఆమె సహచరులు 1970ల తొలి సంవత్సరాలలో ఔషధ పదార్థాన్ని వేరుచేశారు. ఆ కృషికి ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్నారు. ఆనాటి నుంచి ఈ వ్యాధిపై జరిగిన పరిశోధన అపారం. అందులో ఒక అధ్యాయం, మొక్క చేసే మందును ఈస్టు చేత చేయించాలని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో జరిగిన ప్రయత్నం. సింథటిక్ బయాలజీకి ఉదాహరణగా పాఠ్యగ్రంథాలు దీనిని తరచు పేర్కొంటాయి. అయితే వాటిలో జీవరసాయన మార్గాల పటాలు కనిపించినంతగా ఆ పని చేసిన మనుషులు కనిపించరు.

ఈ ప్రయత్నానికి మూలం పొలంలోనే ఉంది. ఆర్టెమిసినిన్ మొక్క అంతటా ఉండదు. ఆకుల మీది సూక్ష్మమైన గ్రంథి రోమాలలో మాత్రమే నిలువ ఉంటుంది. ఎండిన ఆకు బరువులో అది సాధారణంగా ఒక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. నారు పోసింది మొదలు ఆకు కోసి, ఎండబెట్టి, సారం తీసి, మాత్రగా మార్చేసరికి ఏడాదికి పైగా పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్సను సిఫారసు చేసిన తర్వాత గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 2005 ప్రాంతంలో కిలో ధర వెయ్యి డాలర్లు దాటింది. ఆ ధర చూసి చైనా, వియత్నాం, తూర్పు ఆఫ్రికా దేశాల రైతులు విస్తారంగా సాగు చేపట్టగా, రెండేళ్లు తిరిగేసరికి ధర 200 డాలర్ల సమీపానికి పడిపోయింది. నష్టపోయిన రైతులు పంట మానివేశారు. మళ్లీ కొరత, మళ్లీ ధరల పెరుగుదల. మన మిరప, ఉల్లి రైతులకు ఇది కొత్త కథ కాదు. తేడా ఒక్కటే: ఇక్కడ కొరత వస్తే మందు అందనివారు పసిపిల్లలు.

బర్క్‌లీలో ఈ పనికి నాయకత్వం వహించిన జే కీస్లింగ్ నెబ్రాస్కా రాష్ట్రంలోని హార్వర్డ్ అనే చిన్న ఊరిలో, వ్యవసాయ కుటుంబంలో పెరిగినవారు. రసాయన ఇంజనీరింగు చదివి, 1992లో బర్క్‌లీ అధ్యాపకులయ్యారు. సూక్ష్మజీవుల లోపల రసాయన మార్గాలను ఇష్టానుసారం మార్చగల పరికరాలను, అంటే జన్యువులను ఎంత మోతాదులో ఎప్పుడు పనిచేయించాలో నిర్ణయించే సాధనాలను రూపొందించడం ఆయన ప్రయోగశాల తొలి లక్ష్యం. వాటితో దేనిని తయారు చేయాలన్నది మొదట స్పష్టంగా లేదు. ఆయన తర్వాతి కాలంలో చెప్పిన దాని ప్రకారం, ఆర్టెమిసినిన్ తయారీలో తొలి అడుగైన అమార్ఫడైయీన్ సింథేజ్ అనే ఎంజైముపై వెలువడిన వ్యాసాన్ని తీసుకువచ్చి చూపినది ఒక పరిశోధక విద్యార్థి. పెద్ద ప్రయోగశాలల్లో దిశ మార్చే మాట ఆచార్యుని గది నుంచే రావాలన్న నియమం ఏమీ లేదు. తాజా పత్రికలను శ్రద్ధగా చదివేది సాధారణంగా విద్యార్థులే.

తొలి ఫలితం 2003లో వెలువడింది. ఈస్టులోని మెవలోనేట్ మార్గపు జన్యువులను ఇ. కోలై బాక్టీరియాలో ప్రవేశపెట్టి, దానిచేత అమార్ఫడైయీన్ తయారు చేయించారు. ఆ వ్యాసంపై ఐదుగురి పేర్లు ఉన్నాయి. కానీ అమార్ఫడైయీన్ మందు కాదు, మందుకు చాలా దూరంలో ఉన్న ఒక నూనె వంటి పదార్థం. దానికి ఆక్సిజన్ చేర్చి ఆర్టెమిసినిక్ ఆమ్లంగా మార్చే జన్యువు ఏదో అప్పటికి తెలియదు. ఆ తరగతి ఎంజైములు బాక్టీరియాలో సరిగా ఇమడవు గనుక ఈస్టును ఎంచుకున్నారు.

ఆ జన్యువును వెదికిన తీరు వ్యవసాయ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. చామంతి కుటుంబపు మొక్కలు ఎన్నో ఇటువంటి చేదు పదార్థాలను చేసుకుంటాయి. తొలి దశలు వాటన్నింటిలో ఒకే విధంగా ఉంటాయని, కాబట్టి ఆ దశలను నడిపే ఎంజైములు కూడా పోలి ఉండాలని పరిశోధకులు ఊహించారు. పొద్దుతిరుగుడు, లెట్యూస్ పంటలపై ఇతరులు ఎన్నడో వేరే అవసరాలకు సేకరించి పెట్టిన జన్యు సమాచారాన్ని ఆర్టెమిసియాతో పోల్చి చూశారు. అలా దొరికినదే సి.వై.పి.71.ఎ.వి.1 అనే జన్యువు. నూనెగింజల పంటకూ ఆకుకూరకూ చేసిన పని మలేరియా మందుకు దారి చూపిందన్నమాట. ఫలానా పంట జన్యు సమాచారం ఎవరికి పనికివస్తుందని నిధులిచ్చే సంఘాలలో ప్రశ్న ఎదురైనపుడు ఉదహరించదగిన సంగతి ఇది.

ఈ జన్యువు చేర్చిన ఈస్టు లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని ఇచ్చిందని 2006లో ప్రకటించారు. తొలి రచయిత దే-క్యున్ రో. ఈసారి వ్యాసంపై పదిహేను పేర్లు ఉన్నాయి: వృక్ష జీవరసాయన శాస్త్రం తెలిసినవారు, ఈస్టు జన్యుశాస్త్రం తెలిసినవారు, కర్బన రసాయన శాస్త్రవేత్తలు. సింథటిక్ బయాలజీ అంటే కంప్యూటరు తెరపై గీసిన నమూనాను కణంలో పెట్టి మీట నొక్కడమని కొన్ని ప్రచార వ్యాసాలు చదివితే అనిపించవచ్చు. వాస్తవం వేరు. ఒక జన్యువును కత్తిరించి అతికించాలి, అది సరిగా అతుక్కున్నదో లేదో చూడాలి, కణాలను కుప్పెలలో పెంచాలి, వచ్చిన పదార్థాన్ని క్రోమటోగ్రఫీ యంత్రంపై కొలవాలి, ఫలితం రాకపోతే మొదటికి రావాలి. వారానికి ఒక మార్పు పరీక్షించగలిగితే మంచి వారమే. ఆర్టెమిసినిన్ మార్గానికి మొత్తం మీద సుమారు 150 మనిషి-సంవత్సరాల పని పట్టిందని కీస్లింగ్ లెక్క చెప్పారు. ఒక్కరే చేస్తే నూట యాభై ఏళ్లు! అందులో అత్యధిక భాగం డాక్టరేటు విద్యార్థులది, డాక్టరేటు అనంతరం తాత్కాలిక నియామకాలలో ఉన్న యువ శాస్త్రవేత్తలది.

వీరిలో కొందరు 2003లోనే అమైరిస్ అనే సంస్థను స్థాపించారు. 2004 చివర గేట్స్ ఫౌండేషన్ 4.26 కోట్ల డాలర్ల నిధిని లాభాపేక్ష లేని వన్‌వరల్డ్ హెల్త్ అనే ఔషధ సంస్థకు ప్రకటించింది. విశ్వవిద్యాలయం మూల పరిశోధన చేయాలి, అమైరిస్ దానిని పరిశ్రమ స్థాయికి తేవాలి, వన్‌వరల్డ్ హెల్త్ మందుగా మార్చే బాధ్యత చూడాలి. మలేరియా మందు విషయంలో విశ్వవిద్యాలయం రాయల్టీ తీసుకోకుండా అనుమతులు ఇచ్చింది.

కుప్పెలో వచ్చిన ఫలితం పెద్ద తొట్టిలో రాదన్నది పులియబెట్టే పరిశ్రమలో అందరికీ తెలిసినదే. ఈస్టు తన కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ కోసం ఫార్నెసిల్ పైరోఫాస్ఫేట్ అనే పదార్థాన్ని చేసుకుంటుంది. ఆర్టెమిసినిన్‌కు మూలం కూడా అదే. కాబట్టి ఎర్గోస్టెరాల్ వైపు వెళ్లే కాలువకు తూము బిగించి ప్రవాహాన్ని మందు వైపు మళ్లించాలి. పూర్తిగా మూస్తే ఈస్టు చనిపోతుంది. తొలుత ఆ తూమును మిథియోనిన్ అనే ఖరీదైన అమైనో ఆమ్లంతో నియంత్రించారు. తర్వాత అమైరిస్ పరిశోధకులు నియంత్రణను మార్చి, మైలుతుత్తంతో పనిచేసేట్లు చేశారు. బోర్డో మిశ్రమానికి రైతు వాడే మైలుతుత్తమే! ప్రయోగశాలలో ఎవరూ లెక్కచేయని ఖర్చు, వేల లీటర్ల తొట్టి దగ్గర పథకాన్ని తలకిందులు చేయగలదు.

మరొక చిక్కు, మధ్యలో పేరుకునే ఆల్డిహైడ్ కణానికి హానికరం కావడం. దానిని వెంటనే ఆమ్లంగా మార్చే రెండు మొక్క జన్యువులు కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన సస్కటూన్ ప్రయోగశాలలో దొరికాయి. వాటిని చేర్చి, సహాయక ప్రోటీన్ల మోతాదులను సరిదిద్ది, తొట్టిలో ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అనే నూనె పొరను వేసి ఆమ్లాన్ని అందులోకి లాగిన తర్వాత దిగుబడి లీటరుకు 25 గ్రాములకు చేరింది. 2013లో వెలువడిన ఈ ఫలితం 2006 నాటి దానికి 250 రెట్లు.

అదే కాలంలో అదే ఫౌండేషన్ నిధులతో ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో మరో బృందం పూర్తిగా భిన్నమైన మార్గంలో నడిచింది. డయానా బౌల్స్, ఇయాన్ గ్రహం నాయకత్వంలో వారు మొక్కనే మెరుగుపరచబూనారు. జన్యుమార్పిడి చేయలేదు. ఆర్టెమిసియా జన్యుపటాన్ని రూపొందించి 2010లో ప్రచురించి, దాని ఆధారంగా ఎక్కువ ఆర్టెమిసినిన్ ఇచ్చే తల్లిదండ్రులను ఎంచి సంకర రకాలను తయారుచేశారు. ఈ పని ఈస్టు కథంత పేరు పొందలేదు. ప్రజనన శాస్త్రజ్ఞులకు ఇది అలవాటైన అనుభవమే.

ఈస్టు నుంచి వచ్చిన ఆమ్లాన్ని కాంతి సహాయంతో ఆర్టెమిసినిన్‌గా మార్చే కర్మాగారాన్ని సనోఫీ సంస్థ ఇటలీలోని గరెస్సియోలో నడిపింది. 2013లో 35 టన్నులు తయారుచేయాలన్నది లక్ష్యం. లాభం, నష్టం లేని ధరగా కిలోకు 350 నుంచి 400 డాలర్లు నిర్ణయించారు. కానీ అప్పటికి సాగు విస్తీర్ణం పెరిగి మొక్క నుంచి తీసిన సరుకు 250 డాలర్లకంటే తక్కువకే దొరకసాగింది. మందుల తయారీదారులు సహజంగానే చవకైన సరుకునే కొన్నారు. 2015లో సనోఫీ కర్మాగారం ఆర్టెమిసినిన్ తయారు చేయనేలేదు. ఆపైన ఆ కర్మాగారాన్ని బల్గేరియాకు చెందిన హువేఫార్మా సంస్థకు విక్రయించడం జరిగింది.

దీనిని ప్రయోగశాల ఓటమిగా కొందరు, రైతు విజయంగా కొందరు వర్ణించారు. రెండు వర్ణనలూ తొందరపాటువే. ధర పడిపోయిన ఏడాది రైతుకు మిగిలినదేమిటో విజయం అన్నవారు లెక్క చూడలేదు. ఈస్టు మార్గం సిద్ధమవుతున్నదన్న వార్త మాత్రమే సాగుదారులను వెనుకంజ వేయిస్తుందని, కర్మాగారం నిలకడగా పనిచేయకముందే పంట తగ్గితే మందుకు కరువు వస్తుందని ఆనాడే విమర్శకులు హెచ్చరించారు. కొరత వచ్చిన ఏడాది ఆదుకునే రెండవ వనరుగా మాత్రమే ఈస్టును చూడాలన్నది ప్రయోగశాల పక్షం వాదన. అయితే ధర బాగున్న ఏడు తెరిచి, పడిపోయిన ఏడు మూసే కర్మాగారాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఏ పక్షమూ సరైన సమాధానం చెప్పలేదు.

మన దేశంలో లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ‘జీవన్ రక్ష’, ‘సిమ్-ఆరోగ్య’ వంటి ఆర్టెమిసియా రకాలను రూపొందించింది. కంపెనీలతో ఒప్పంద పద్ధతిలో రైతులు ఈ పంటను సాగుచేస్తున్నారు. ఒప్పంద పత్రంలో ధర ఏ ప్రమాణంపై నిర్ణయిస్తారు, ఆకు బరువుపైనా లేక అందులోని ఆర్టెమిసినిన్ శాతంపైనా అన్నది విస్తరణ శాస్త్రవేత్త రైతుతో కలిసి మొదట చదవవలసిన వాక్యం.

బర్క్‌లీ విద్యార్థులు నేర్చిన విద్య మాత్రం ఆర్టెమిసినిన్ దగ్గర ఆగలేదు. అదే మెవలోనేట్ మార్గంతో అమైరిస్ బ్రెజిల్ చెరకు చక్కెర నుంచి ఫార్నెసీన్ తయారుచేసింది. ఇతర సంస్థలు ఈస్టు చేత వనిల్లా పరిమళాన్ని, స్టీవియా ఆకులోని తీపి పదార్థాలను చేయించి మార్కెట్టులోకి తెచ్చాయి. వనిల్లా, స్టీవియా రెండింటినీ మన దేశ రైతులు సాగుచేస్తున్నారు.