ఈసీజీలో పన్నెండు చిన్న గళ్లు

పుట్టుకతో చెవులు వినపడని బిడ్డ పరుగెత్తుతూనో, భయపడో కుప్పకూలితే ఇంట్లో ‘ఫిట్స్’ అనుకుంటారు. ఏళ్ల తరబడి ఆ మందులే మింగిస్తారు. గుండె సంగతి తలపుకే రాదు.

1957లో నార్వే వైద్యులు ఆంటన్ జెర్వెల్, ఫ్రెడ్ లాంగె-నీల్సన్ ఒక ఇంటి పిల్లల గురించి రాశారు. ఆరుగురిలో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురిలో ముగ్గురు 4, 5, 9 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయారు. కారణం 1997లో దొరికింది: కేసీఎన్‌క్యూ1, కేసీఎన్‌ఈ1 అనే పొటాషియం ఛానెల్ జన్యువుల్లో లోపం.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాల్లోంచి ఈ ఛానెళ్ల గుండా పొటాషియం బయటికి పోవాలి. అప్పుడే కణం తర్వాతి చప్పుడుకు సిద్ధమవుతుంది. వరదొచ్చినా సోమశిల డ్యాం గేట్లు సగమే లేస్తే ఎలా ఉంటుందో, ఈ లోపమున్న గుండెలోనూ అంతే. పొటాషియం ఆలస్యంగా వెళుతుంది, లయ తప్పుతుంది, మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. లోపలి చెవి ద్రవానికి పొటాషియం అందించేదీ ఈ ఛానెలే కాబట్టి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు నకళ్లు రెండూ చెడితే చెవుడు కూడా వస్తుంది.

ఒక్క నకలే చెడితే వినికిడి బాగానే ఉంటుంది గానీ గుండె ముప్పు పోదు. గుండె మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం (ఈసీజీలో క్యూటీ దూరం) పెరిగే ఇలాంటి ‘లాంగ్ క్యూటీ’ జబ్బులన్నీ కలిపి సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటాయని అంచనా. కేసీఎన్‌క్యూ1 రకంలో ఈత ప్రత్యేకంగా ప్రమాదం. ఈత బాగా వచ్చిన పిల్లవాడు నీళ్లలో ఉన్నట్టుండి మునిగిపోతే ఈ కోణంలోనూ ఆలోచించాలి.

రెండు నకళ్లూ చెడే ముప్పు రక్తసంబంధీకుల పెళ్లిళ్లలో ఎక్కువ కాబట్టి మేనరికాల లెక్క మనం తప్పక చూడాల్సింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే. అక్క కూతుర్ని చేసుకుంటే, పుట్టే బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు నకళ్లూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనబావ, మేనమరదళ్లయితే 16లో 1. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే జన్యువుకు ఒక్కో చెడ్డ నకలుంటే ప్రతి కాన్పులోనూ ముప్పు 4లో 1. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర విభాగం లాంగ్ క్యూటీ కుటుంబాల్లో ఈ జన్యువులను పరిశీలించింది. మనకు ఇది పరాయి జబ్బు కాదు.

ఈ జబ్బును పట్టుకోవడం కష్టం కాదు. ఈసీజీ కాగితం మీద ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటున్నప్పుడు క్యూటీ దూరం 12 గళ్లు, అంటే 480 మిల్లీసెకన్లు వచ్చిందంటే గట్టిగా అనుమానించాలి. పిల్లల గుండె ఇంకా వేగం కాబట్టి డాక్టరు ఆ వేగానికి లెక్క సరిచేయాలి. పుట్టుచెవుడుతో వచ్చే రకంలో ఇది సాధారణంగా 500 మిల్లీసెకన్లు దాటుతుంది. వైద్యం అందకపోతే సగానికి పైగా పిల్లలు 15 ఏళ్లలోపే పోతారు. ప్రొప్రనలాల్ లాంటి మందులు ముప్పును తగ్గిస్తాయి. అవి చాలనివారికి, లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ పరికరాన్ని ఛాతీలో అమర్చాలి. అజిత్రోమైసిన్, డోంపెరిడోన్ వంటి మామూలు మందులే వీళ్లకు ప్రమాదం.

ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా మీ ఇంట పుట్టుచెవుడున్న బిడ్డ ఉంటే, ఒక్కసారి కూడా పడిపోకపోయినా సరే, ఈసీజీ తీయించండి. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వకముందే తీయించండి. తేడా కనిపిస్తే అమ్మానాన్నలకూ, అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ తీయించండి.