ఉల్లేఖనాల లెక్కలో రెండు ఖరీఫ్‌లు

గత ఏడాది ఒక పీహెచ్‌డీ విద్యార్థి పరిశోధనాంశం నిర్ణయించుకోవడానికి నా వద్దకు వచ్చాడు. కృష్ణా డెల్టా శివారు భూముల్లోని ఉప్పు చౌడు, మురుగునీటి పారుదలపై పని చేయమని సూచించాను. అతని మనసు మాత్రం జింక్ ఆక్సైడ్ నానో కణాలపై ఉంది. కారణం అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: "చౌడు నేల మీద రాస్తే ఎవరు సైట్ చేస్తారు సార్? నానో మీద రాస్తే రెండేళ్లలో వంద వస్తాయండి." ఆ మాటను కొట్టివేయలేకపోయాను. రేపు అతని ఉద్యోగ దరఖాస్తును తూచేది ఆ అంకెలే.

ఆ అంకెలు పదార్థ విజ్ఞానంలో ఎలా పెరుగుతాయో గ్రహించడానికి మన దేశంలో ఆచార్య సి.ఎన్.ఆర్. రావును మించిన ఉదాహరణ లేదు. 1934లో బెంగళూరులో జన్మించిన ఆయన తొలి పత్రం 1954లో ఆగ్రా విశ్వవిద్యాలయ పరిశోధన పత్రికలో వెలువడింది. మన పత్రిక వంటి విశ్వవిద్యాలయ పత్రికే అది! 2014లో భారతరత్న స్వీకరించే నాటికి ఆయన పత్రాలు సుమారు 1,500, హెచ్-ఇండెక్స్ 100. అంటే ఒక్కొక్కటి కనీసం నూరుసార్లు ఉల్లేఖించబడిన పత్రాలు నూరు ఉన్నాయన్నమాట.

ఇది అసాధారణమైన శ్రమకు ఫలితం. అయితే ఆ శ్రమ సాగిన క్షేత్రాన్ని కూడా పరిశీలించాలి. లాంథనం-రాగి ఆక్సైడ్ వంటి పొరల నిర్మాణం గల పదార్థాలపై ఆయన బృందం 1970ల నుంచే పని చేస్తూ వచ్చింది. అప్పట్లో వాటిపై ఆసక్తి గలవారు కొద్దిమందే. 1986లో జ్యూరిక్ సమీపాన బెడ్నోర్జ్, ముల్లర్ ఆ కోవ పదార్థంలోనే అధిక ఉష్ణోగ్రత అతివాహకతను కనుగొనడంతో ప్రపంచమంతా రాగి ఆక్సైడ్ల వైపు పరుగు తీసింది. మరుసటి ఏడాదే ఇట్రియం-బేరియం-రాగి ఆక్సైడ్‌లో అతివాహకతకు మూలమైన ప్రావస్థను గుర్తించి రావు బృందం 'నేచర్'లో ప్రకటించింది. ఆ పదార్థాన్ని బెంగళూరులో కాల్చినా టోక్యోలో కాల్చినా ఒకటే. కొలిమిలో పెట్టిన నమూనా కొద్ది రోజుల్లోనే జవాబు చెబుతుంది. 2009లో గ్రాఫీన్‌పై ఆయన సహరచయితలతో వెలువరించిన సమీక్షా వ్యాసానికి వేలకొద్దీ ఉల్లేఖనాలు వచ్చాయి. ఆ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవారు మొదటి పేరాలోనే ఉల్లేఖించేది ఇటువంటి సమీక్షలనే.

ఇక మన పొలానికి వద్దాం. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరులో ఒక వ్యాసం లెక్కకు వచ్చేది, అది వెలువడిన తరువాతి రెండేళ్లలో అందిన ఉల్లేఖనాలతోనే. 2020 చివర్లో అచ్చయిన ఒక వరి సాగు పత్రాన్ని మరొక కేంద్రంలోని శాస్త్రవేత్త వెంటనే చదివాడనుకుందాం. ప్రయోగం 2021, 2022 ఖరీఫ్‌లలో జరుగుతుంది. గణాంక విశ్లేషణ, రచన 2023లో, ప్రచురణ 2024లో. కిటికీ 2022తోనే మూసుకుపోయింది! ఎంత ఉపయోగపడినా ఆ ఉల్లేఖనం లెక్కలోకి రాదు. నాస్ రేటింగు కూడా ఈ ఫ్యాక్టరుపైనే ఆధారపడుతుంది. అది లేని పత్రికకు 6 మార్కులు దాటవు.

కాలం ఒక్కటే కాదు, స్థలం కూడా అడ్డమే. డెల్టా నల్లరేగడిలో తేలిన ఎరువుల మోతాదు అనంతపురం ఎర్ర నేలకు పనికిరాదు.

బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి విషయం చూడండి. ఎన్నో ప్రయోగాల్లో బీపీటీ 5204 పోలిక రకంగా కనిపిస్తుంది. పత్రం చివర ఉల్లేఖనాల పట్టికలో మాత్రం దాని మూల పరిశోధనకు చోటు దొరకడం అరుదు. అదే రకంలోకి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని తెచ్చారు. జన్యువుల కథ కనుక దానికి ప్రపంచమంతా పాఠకులున్నారు. రెండూ గొప్ప పనులే. రైతు విత్తనం కొనేటప్పుడు ఉల్లేఖనం రాయడు కదా!

అలాగని ఉల్లేఖనం రాని ప్రతి పత్రమూ మరుగున పడిన మాణిక్యం కాదు. నత్రజని మోతాదునూ మొక్కల మధ్య దూరాన్నీ అటూ ఇటూ మార్చి, పాత ముగింపునే మళ్లీ రాసిన పత్రాలు మనకు తక్కువేమీ కాదు. వాటిలో నావీ ఉన్నాయి.

హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హిర్ష్, 2005 నాటి ఆ పత్రంలోనే, రంగాన్ని బట్టి ఈ అంకె మారుతుందని హెచ్చరించాడు. ఎంపిక సంఘాల్లో కూర్చునే మనం సేద్య శాస్త్రవేత్తను సేద్య శాస్త్రవేత్తతోనే, ఒకే వయసు పత్రాలతోనే పోల్చాలి. విస్తరణ శాస్త్రవేత్త సిఫార్సు సాగు పద్ధతుల పుస్తకంలోకి ఎక్కిందా, ఎన్ని మండలాల్లో అమలైంది అన్న వివరానికి దరఖాస్తులో ఒక గడి ఉండాలి. నేను చూసిన అనేక నమూనాల్లో ఆ గడి లేదు.

ఉల్లేఖనాలు పట్టించుకోవద్దని ఆ విద్యార్థికి నేను చెప్పలేదు; ఆ మాట చెప్పే హక్కు పదవీ విరమణకు దగ్గరపడిన నాకు లేదు. చౌడు నేలల్లో జింకు లోపం తరచుగా కనిపిస్తుంది కనుక, జింక్ సల్ఫేట్ పక్కన నానో జింకును ఒక ట్రీట్‌మెంటుగా పెట్టి, ప్రయోగాన్ని శివారు పొలంలోనే వేశాడు. మొదటి ఖరీఫ్ దిగుబడి లెక్కలు చేతికి వచ్చాయి. రెండో ఖరీఫ్‌కు నారుమడి పోశాడు.