ముడుచుకొన్న గింజ – ఆలస్యంగా ప్రతికృతి చెందే క్రోమోజోము కొనలు

గోధుమ, రై ధాన్యాల సంకరమైన ట్రిటికేల్ తొలి రకాలలో గింజ ముడతలు పడి తేలికగా ఉండేది. ఈ లోపానికి ప్రతిపాదించిన కారణాలలో ఒకటి క్రోమోజోము పొడవునా డి.ఎన్.ఎ. ప్రతికృతి జరిగే క్రమానికి సంబంధించినది.

ఇ. కోలై బాక్టీరియాలో సుమారు 46 లక్షల క్షారజతల డి.ఎన్.ఎ.కు ఒకే ఆరంభస్థానం చాలు. ఉన్నతజీవులలో అది చాలదు. వీసియా ఫాబా అనే చిక్కుడు జాతిలో ఒక్కొక్క క్రోమోజోములో సగటున 200 కోట్లకు పైగా క్షారజతలుంటాయి. ఒకే స్థానం నుండి ఇరువైపులా నిమిషానికి 2,000 జతల చొప్పున సాగినా ప్రతికృతి పూర్తికావడానికి దాదాపు ఒక సంవత్సరం పడుతుంది. వేరు కొనలోని కణం ఆ పనిని కొద్ది గంటలలో ముగిస్తుంది.

ఇదే మొక్క వేళ్ళలో 1957లో టేలర్, వుడ్స్, హ్యూస్ రేడియోధార్మిక థైమిడిన్ సహాయంతో క్రోమోజోము ప్రతికృతిని గుర్తించారు. 1968లో హ్యూబర్‌మన్, రిగ్స్ క్షీరద కణాల డి.ఎన్.ఎ. పోగులను పరచి చూడగా, ఒకే పోగుపై అనేక ఆరంభస్థానాలు, ప్రతిదాని నుండి ఇరుదిశలా సాగే ప్రతికృతి కనిపించాయి. ఇటువంటి ఒక్కొక్క భాగమే రెప్లికాన్.

అయితే రెప్లికాన్లన్నీ ఒకేసారి పని మొదలుపెట్టవు. జన్యువులు అధికంగా గల భాగాలు సాధారణంగా ఎస్ దశ ఆరంభంలోను, దట్టంగా ముడుచుకొన్న హెటిరోక్రొమాటిన్ చివరలోను ప్రతికృతి చెందుతాయి. రై కేంద్రకాలలో ఈ ఆలస్యాన్ని లిమా-డి-ఫారియా 1959లోనే చూపాడు. రై క్రోమోజోముల కొనలలో ఇటువంటి హెటిరోక్రొమాటిన్ పెద్ద ముద్దలుగా ఉంటుంది.

ఎం.డి. బెనెట్ 1970వ దశకంలో చేసిన వాదనకు ఇదే ఆధారం. ఫలదీకరణ తరువాత తొలి రోజులలో అంకురచ్ఛద కేంద్రకాలు కణకుడ్యాలు లేకుండానే అతివేగంగా విభజన చెందుతాయి. వేరు కొనకు దొరికే వ్యవధి వాటికి దొరకదు. రై కొనల ప్రతికృతి ముగియకముందే విభజన మొదలైతే క్రొమాటిడ్లు పూర్తిగా విడిపోలేక, చలన దశలో వంతెనలు ఏర్పడతాయి. అసాధారణ కేంద్రకాలు పుడతాయి. అంకురచ్ఛదం సరిగా నిండదు.

తరువాతి పరిశోధనలన్నీ ఈ సంబంధాన్ని ఒకే విధంగా బలపరచలేదు. కొన హెటిరోక్రొమాటిన్ ఒక్కటే గింజ నిండుదనాన్ని నిర్ణయిస్తుందనడం తొందరపాటే. కాని బెనెట్ వేసిన ప్రశ్న సరైనది: ఒకే క్రోమోజోముకు ఒక కణజాలంలో చాలిన వ్యవధి మరొక కణజాలంలో చాలకపోవచ్చు. దీనిని పరీక్షించదలచిన విద్యార్థి వేరు కొన స్లైడుతో తృప్తిపడక, పరాగసంపర్కం జరిగిన తొలి కొద్ది రోజులలోనే అండకోశాలను సేకరించవలసి ఉంటుంది. గింజ పక్వమయ్యేసరికి ఆ వంతెనలు కనిపించవు.