బాకా ముందు బ్యాండు

1890లో వాషింగ్టన్‌లో పాట రికార్డు చేయడమంటే ఒళ్లు హూనమయ్యే పని. కొలంబియా ఫోనోగ్రాఫ్ కంపెనీ గదిలో అమెరికా మెరైన్ బ్యాండు వాద్యగాళ్లు కొద్దిమంది ఒకరినొకరు ఆనుకుని నిలబడేవాళ్లు. ఎదురుగా పంక్తిలో విస్తళ్లు పరిచినట్టు పదిదాకా యంత్రాలు, ఒక్కోదానికి ఒక్కో బాకా. ముందుగా ఒకాయన గొంతు చించుకుని పాట పేరు, బ్యాండు పేరు, కంపెనీ పేరు అరిచేవాడు. ఆపైన రెండు నిమిషాల వాయింపు. అది అవగానే యంత్రాల మీది మైనపు గొట్టాలు తీసి కొత్తవి తొడిగేవాళ్లు. మళ్లీ అదే అరుపు, అదే పాట. గొట్టానికి నకళ్లు తీసే పద్ధతి ఇంకా కుదరలేదు మరి. పది యంత్రాలతో ఐదువందల గొట్టాలు అమ్మకానికి కావాలంటే ఒకే పాటను యాభైసార్లు వాయించాల్సిందే.

ఆ బ్యాండుకు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా. 1880 నుంచి మెరైన్ బ్యాండును నడిపాడు. ‘వాషింగ్టన్ పోస్ట్’ అనే మార్చ్‌ను, అంటే కవాతు బాణీని, 1889లో కట్టాడు. 1892లో సర్కారు కొలువు వదిలి సొంత బ్యాండు పెట్టాడు. కొలంబియా కంపెనీ మొదట పాటల కోసం పుట్టిందే కాదు. ఆఫీసుల్లో ఉత్తరాలు చెప్పి రాయించుకునేందుకు ఈ యంత్రాలను అద్దెకివ్వాలనుకుంది. ఆ బేరం సాగలేదు. పాటల గొట్టాలే కంపెనీని నిలబెట్టాయి.

అన్ని వాద్యాలుండగా బ్యాండునే ఎందుకు పిలిచారు? దీనికి జవాబు ఆ బాకాలో ఉంది. అప్పటి యంత్రంలో మైకు లేదు, శబ్దాన్ని పెంచే సాధనం ఏదీ లేదు. వాద్యం నుంచి వచ్చిన గాలి కదలికే బాకాలో దూరి, చివర ఉన్న పల్చటి పలకను ఆడించాలి. ఆ పలకకు తగిలించిన ముల్లు మైనంలో గాడి చెక్కాలి. చెక్కే బలమంతా వాయించేవాడి ఊపిరిదే. మామూలుగా మాట్లాడే మనిషి గొంతులోంచి వచ్చే ధ్వనిశక్తి వాటులో లక్షో వంతు ప్రాంతంలో ఉంటుంది. ట్రాంబోను గట్టిగా ఊదితే దానికి వేలరెట్లు వస్తుంది. పైగా ఇత్తడి వాద్యం నోరు ఎటు తిప్పితే శబ్దం అటే పోతుంది. వయొలిన్ అలా కాదు, దాని నాదం గదంతా చెదిరిపోతుంది. అందుకే తర్వాత వయొలిన్‌కే ఒక లోహపు బాకా బిగించిన స్ట్రో వయొలిన్ పుట్టింది. చూడటానికి అదేదో వింత జంతువులా ఉన్నా రికార్డింగు గదుల్లో చాలాకాలం ఏలింది.

ఈ యంత్రానికి చెవుడు కూడా ఉంది. సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాలే దానికి సరిగ్గా పట్టుబడతాయి. కింది స్వరాలు దాదాపు పోయినట్టే. డబుల్ బేస్ తంత్రుల మంద్రం ఎటూ మైనం దాకా చేరదు కనుక ఆ భాగాన్ని ట్యూబాకు అప్పగించేవారు. ట్యూబా అసలు స్వరం కూడా యంత్రానికి అందదు. అయితే ఆ స్వరంతోపాటు పుట్టే పైస్థాయి అనుస్వరాలు బలంగా ఉంటాయి, అవి అందుతాయి. వాటిని విన్న మన మెదడు అడుగున ఉండాల్సిన స్వరాన్ని తనే పూరించుకుంటుంది. అంటే ఆ రికార్డుల్లోని మంద్రంలో సగం మన బుర్రలో పుట్టిందే! ఇక పెద్ద డోలు దెబ్బకు ముల్లు గాడి తప్పేది. కాబట్టి చాలాసార్లు డోలును గది బయటే ఉంచేవారు. కార్నెట్ సోలో వాయించేవాడు బాకా దగ్గరకు జరిగి, గట్టి స్వరం రాగానే వెనక్కి తగ్గాలి. కచేరీలో యాభై అరవై మంది ఉండే సూసా బ్యాండు రికార్డింగుకు వచ్చేసరికి ఆ మందలో మూడో వంతుకు కుదించుకుపోయేది.

ఈ తతంగం సూసాకు ఒళ్లు మంట. తన బ్యాండు పేరుతో వచ్చిన రికార్డింగులు వెయ్యి దాటినా, తాను స్వయంగా నిలబడి నడిపించినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఎక్కువ పని ట్రాంబోను విద్వాంసుడు ఆర్థర్ ప్రయర్, కార్నెట్ వాయించే హెర్బర్ట్ క్లార్క్ లాంటివాళ్లు చేశారు. లేబులు మీద పేరు సూసాది, బాకా ముందు చెమటలు వాళ్లవి.

ఆ బాకా మన దేశానికి రావడం వెనకా వాషింగ్టనే ఉంది. ఎమిల్ బెర్లినర్ అనే జర్మన్ వలసదారు అక్కడే 1887లో గ్రామఫోను పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. గొట్టానికి బదులు చదునైన ప్లేటు, గాడి పక్కలకు ఊగుతుంది. ఒక లోహపు అచ్చు తీస్తే దాంతో వేల ప్లేట్లు ఒత్తవచ్చు. యాభైసార్లు వాయించే బాధ తీరింది. కొలంబియాలో పియానో వాయించిన వాషింగ్టన్ కుర్రాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ బెర్లినర్ దగ్గర చేరి, 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పుకుంది. మన నాటక పద్యాలూ ప్లేటుకు పట్టే మూడు నిమిషాల కొలతకే తలవంచాయి.

ఇంతలో సూసా కలం పట్టాడు. 1906లో ఒక పత్రికలో, యంత్రసంగీతం ముప్పు తెస్తుందని వ్యాసం రాశాడు. ఇంట్లో యంత్రం పాడుతుంటే పిల్లలు సంగీతం నేర్చుకోరని ఆయన బెంగ. ఆ బెంగ దాదాపు నిజమైందనే నేను అంటాను. అయితే ఆ ఆవేశం అడుగున డబ్బు లెక్క కూడా ఉంది. తన మార్చ్‌లను కంపెనీలు గొట్టాల మీదికీ, పియానో రోల్స్ మీదికీ ఎక్కించి అమ్ముకుంటుంటే స్వరకర్తకు చట్టప్రకారం పైసా రాదు. అమెరికన్ కాంగ్రెస్ ముందు ఆయన గట్టిగా వాదించాడు. 1908లో సుప్రీంకోర్టు పియానో రోల్‌ను స్వరపత్రానికి నకలుగా ఒప్పుకోలేదు. కంటికి చదవడానికి వీల్లేని రంధ్రాల కాగితం నకలెలా అవుతుందన్నది తర్కం. మరుసటి ఏడే, 1909లో, కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చి ఒక్కో రోల్‌కూ, ప్లేటుకూ రెండు సెంట్లు స్వరకర్తకు చెల్లించాలంది. ఆ రేటు 1978 దాకా మారలేదు. యంత్రాన్ని తిట్టిన మనిషి దాని అమ్మకంలో ప్రతి స్వరకర్తకూ వాటా సంపాదించిపెట్టాడు.

1925లో రికార్డింగు గదుల్లోకి మైకు, వాల్వు యాంప్లిఫయరు వచ్చాయి. ఊపిరి చేసే చెక్కుడు పనిని కరెంటు అందుకుంది. పైకి ఐదారు వేల హెర్ట్జ్ దాకా, కిందికి డోలు దాకా అన్నీ గాడిలో పడ్డాయి. గుసగుసగా పాడేవాడికీ రాజ్యం దొరికింది, బ్యాండుల ఏకచ్ఛత్రం జారింది. సూసా 1929లో రేడియోకు కూడా ఒప్పుకుని, 1932లో పోయాడు.

ఇప్పుడు ఆ పాత ప్లేట్లు వేసి సూసా బ్యాండు ఇలా వాయించేదని తేల్చడం తొందరపాటు. కచేరీల్లో ఆయన ఒక చరణం మొదటిసారి వాయించేటప్పుడు ఇత్తడి వాద్యాలను ఆపి, క్లారినెట్లను మెల్లగా వినిపించి, రెండోసారి అందరినీ విరుచుకుపడమనేవాడు. ఇవేవీ అచ్చు స్వరపత్రాల్లో రాయలేదు. అది ఆయన వృత్తిరహస్యం. మెల్లనిదాన్ని మింగేసే బాకాలో అలాంటి మార్పులకు చోటు తక్కువ. ఆ కిటుకులు మిగిలింది ఆయన దగ్గర కార్నెట్ వాయించిన ఫ్రాంక్ సైమన్ లాంటివాళ్ల జ్ఞాపకంలో. వృద్ధాప్యంలో సైమన్ వాటిని ఒక్కొక్క మార్చ్ వరసన స్కూలు బ్యాండు మాస్టర్లకు చెప్పాడు.